ఇరవై రెండా, అరవై ఆరా

మా ఆవిడకు వేలాడే దారం కనబడితే చెయ్యి ఊరుకోదు. అది చీర కొంగుదైనా, బస్సులో ముందు సీట్లో కూర్చున్నావిడ జాకెట్టుదైనా సరే, ముడేసి తుంచితే గానీ ఆమెకు మనసు నిలవదు. చిల్లు కనబడినా అంతే. దోమతెరకు చిల్లు, గోనెసంచికి చిల్లు, నా బనీనుకు చిల్లు, అన్నీ ఆమెకు శత్రువులే. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు కోడలిగా వచ్చి, మా అమ్మ దగ్గర మగ్గం నేర్చుకుని, మా అమ్మకంటే గట్టి నేతగత్తె అయింది. నా చేతికి మాత్రం నేత అంటలేదు. నేను బజారులో చిన్న బట్టల అంగడి పెట్టుకుని, ఆమె నేసిన చీరలూ ఇంకో నలుగురు నేసిన చీరలూ అమ్ముకుంటూ బతుకుతున్నాను. తీరిక దొరికితే విమానాలు ఎగరేస్తాను.

విమానాలంటే మనుషులు ఎక్కేవి కాదు. థర్మోకోల్ అట్టలు కోసి, బంకతో అతికించి, ముక్కున చిన్న మోటారూ పంకా, కడుపులో బ్యాటరీ పెట్టి, చేతిలో రిమోట్‌తో ఎగరేసేవి. ఎవరో ఎగరేస్తుంటే ఫోన్లో చూసి, నలభై దాటాక ఈ పిచ్చి పట్టించుకున్నాను. పేకాట కన్నా ఇది నయం కదా అంటాను నేను. పేకాటైతే కనీసం నెత్తిన పడదు అంటుంది మా ఆవిడ.

ఆ మాట ఊరికే అనడం లేదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, మొదటి విమానం తయారైన కొత్తలో తెల్లవారీ తెల్లవారకముందే దాన్ని వీధిలోకి తెచ్చి వదిలేవాణ్ణి. ఆ వేళకు మా వీధిలో పడుగులు సాచి ఉంటాయి. ఈ కొస నుంచి ఆ కొస దాకా నూలు పోగులు బిగించి, గంజి పెట్టి, కుంచెతో దువ్వుతుంటారు. ఒకరోజు నా విమానం కాసేపు బాగానే తిరిగింది. అంతలో కడుపులోంచి పొగ వచ్చింది, మోటారు ఆగింది, అది తిన్నగా పోయి పక్కింటి పెద్దాయన పడుగు మీద పడింది. పోగులు టపటపా తెగాయి.

పెద్దాయన కుంచె పక్కన పెట్టి దాన్ని చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"గద్ద పడినాదేమో అనుకుంటి. నీ యవ్వారమా నాయనా ఇది!" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

తెగిన పోగులు అతకడానికి మా ఆవిడ ఆయనతో పాటు మధ్యాహ్నం దాకా ఎండలో కూర్చుంది. ఒక్కో ముడి వేసినప్పుడల్లా నా వైపు ఒక చూపు చూసేది. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని తీర్పు చెప్పింది.

"ఇదో, సెప్తాండా ఇను. ఇంగొక్కసారి దాంట్లోంచి పొగ వచ్చెనంటే, మోటార్లు, రెక్కలు, రిమోటు అన్నీ మూటగట్టి ఉల్లిగడ్డలాయప్పకు ఏసేస్తా."

మా వీధికి ఆటోలో ఒకాయన వస్తాడు. పాత ఇనుముకూ ప్లాస్టిక్కుకూ బదులు ఉల్లిగడ్డలు ఇస్తాడు. ఆయన మైకు వినబడితే నా గుండె గుభేలుమనడం ఆరోజుతో మొదలైంది. ఎందుకంటే మా ఆవిడ ఉత్త బెదిరింపుల మనిషి కాదు. నేను ప్రాణంలాగా చూసుకున్న పాత సైకిలు అట్లాగే ఉల్లిగడ్డలైంది. ఆ ఉల్లిగడ్డల పులుసు నేనూ తిన్నాను, బాగానే ఉంది, అది వేరే సంగతి.

విమానంలో కాలిపోయింది స్పీడ్ కంట్రోలర్. బ్యాటరీకీ మోటారుకూ నడుమ అగ్గిపెట్టె అంత ఉంటుంది. రిమోట్ అడిగినంత కరెంటు మోటారుకు వదలడం దాని పని. ముప్పై ఆంపియర్ల దాకా తట్టుకుంటానని దాని వీపు మీద రాసి ఉంటుంది. పనిచేసేటప్పుడు వేడెక్కుతుంది కాబట్టి, ముక్కు దగ్గర గాలి దూరి కంట్రోలర్‌ను తాకి కడుపు కిందినుంచి బయటికి పోయేలా దారి కూడా పెట్టాను. అయినా కాలిందంటే నా మోటారు ముప్పైకి మించి లాగుతోందని తేల్చుకున్నాను. అచ్చం అట్లాంటిదే రెండో విమానం కట్టాను. అదే మోటారు, కొత్త కంట్రోలర్. అయితే ఎగరేసే ముందు కరెంటు కొలవాలి. ముప్పై లోపల తేలితే ఎగరడం, తేలకుంటే ఉల్లిగడ్డలు.

కొలవడానికి క్లాంపు మీటరని ఒకటుంటుంది. ఎండ్రకాయ కొండి లాగా నోరు తెరిచి వైరును నోట్లో పెట్టుకుంటుంది, అందులో ఎంత కరెంటు పోతోందో అంకె చూపిస్తుంది. మొదట తెలిసిన ఎలక్ట్రీషియన్ దగ్గర ఒకటి అడిగి తెచ్చాను. మోటారు ఇల్లు అదిరేటట్టు తిరుగుతోంది, మీటరు మాత్రం సున్నా చూపిస్తోంది.

"కరెంటే తినకుండ తిరుగుతాండాదా? అయితే ముందరిది ఏం తిని కాలిపాయె?" అంది మా ఆవిడ.

అది ఇళ్లకు వచ్చే కరెంటును కొలిచేదే గానీ బ్యాటరీ కరెంటును కొలిచేది కాదని తర్వాత తెలిసింది. బ్యాటరీ కరెంటును కూడా కొలిచే క్లాంపు పార్సిల్లో తెప్పించుకున్నాను. పెట్టెలోంచి తీసినప్పుడు దాన్ని కళ్లకద్దుకున్నాను కూడా.

మా కొలత ఇట్లా సాగేది. విమానం మూత తీసి, కంట్రోలర్‌నూ వైర్లనూ బయటికి లాగుతాను. క్లాంపు పట్టుకున్న మనిషి పంకాకు దూరంగా ఉండాలని, బ్యాటరీ వైర్లకు రెండు మూరల అతుకు వేశాను. విమానం తోక గట్టిగా అదిమి పట్టుకుని, రిమోట్ పూర్తిగా తోసి, పంకా మీదినుంచి కన్ను తీయకుండా కూర్చోవడం నా పని. ఎర్ర వైరుకు క్లాంపు తగిలించడం, అంకె చదవడం మా ఆవిడ పని. సన్న నూలులో పోగులు లెక్కపెట్టే కళ్లు ఆమెవి, అంకె తప్పు చదివే ప్రసక్తే లేదు.

"అరవై ఆరు!" అని కేకేసింది.

ఇంకోసారి తిప్పాను. "అరవై అయిదు," అంది. మరోసారి తిప్పినా అంతే. ముప్పై పట్టే పెట్టెలో అరవై ఆరు! మోయలేని గాడిద మీద ఇంకో గాడిదను కూడా ఎక్కించినట్టుంది.

"ఉల్లిగడ్డలతో ఏం సేయమంటావు? పులుసా, ఊరుబిండా?" అంది తాపీగా.

"ఇంగా పొగ రాలేదు కదా!" అన్నాను.

"అరవై ఆరంటే పొగ దావలో ఉన్నట్టే."

ఇక లాభం లేదని ఆదోని బావకు ఫోన్ చేశాను. బావంటే మా ఆవిడకు అన్న. ఆయన్ను నేనూ, నన్ను ఆయనా బావా అనే పిలుచుకుంటాం. ఆదోనిలో పత్తి మిల్లులో మోటార్లు చూసుకునే ఎలక్ట్రీషియన్. విమానాల పిచ్చి ఆయనకు అంటించింది నేనే, ఇప్పుడు నన్ను మించిపోయాడు. ఆదోనివాళ్లకు తమ ఊరు రెండో బొంబాయి అని ఒక నమ్మకం. బావ ఎమ్మిగనూరు బస్టాండులో దిగడం కూడా బొంబాయి నుంచి దిగినట్టే ఉంటుంది. ఆ ఆదివారం స్టీలు క్యారియర్ పట్టుకుని దిగాడు. కింది గిన్నెలో చెల్లెలికి ఓళిగలు, పై గిన్నెలో గుడ్డ చుట్టిన మీటరు.

ఆయన మీటరు వేరే రకం. వైరును కొరికి పట్టుకోదు, బ్యాటరీకీ కంట్రోలర్‌కూ మధ్యలో కూర్చుంటుంది, పోయే కరెంటంతా దాని గుండానే పోవాలి. నేను తోక పట్టుకున్నాను, బావ మీటరు పట్టుకున్నాడు.

"ఇరవై రెండు. గమ్మున ఎగరేసుకో పో," అన్నాడు.

"నా మీటరు అరవై ఆరు సూపిస్తాండాది బావా."

"మీ ఎమ్మిగనూరోళ్లు యాపొద్దూ మూడింతలు సెప్తారు. చీర ధర అట్లే, కరెంటూ అట్లే."

"మీ ఆదోనోళ్లు మూడోవంతే సూపిస్తారు. పత్తి తూకం అట్లే, కరెంటూ అట్లే."

రెండు మీటర్లూ ఒకేసారి తగిలించి చూశాం. ఒకే వైరు, ఒకే మోటారు. బావ తన మీటరు మీద వంగి "ఇరవై రెండు" అంటాడు, ఈ పక్క మా ఆవిడ "అరవై ఆరు" అంటుంది. అన్న మీటరు వైపు మాట్లాడుతుందేమో అనుకున్నాను. ఎక్కడ!

"మీటరు ఆయప్పదైనా సదివింది నేను కదన్నా. నా కండ్లు తప్పు సెప్తాయా?" అని నా మీటరును వెనకేసుకొచ్చింది.

నా అవస్థ చూడండి. నా మీటరు గెలిస్తే నా విమానాలు ఉల్లిగడ్డలవుతాయి. బావ మీటరు గెలిస్తే విమానం ఎగురుతుంది గానీ, బావ బతికినంతకాలం ఆ మాట చెప్పుకుంటాడు. బుద్ధున్నవాడెవడైనా బావ మీటరు వైపు నిలబడాలి. నేను నా మీటరు వైపే నిలబడ్డాను. కళ్లకద్దుకున్న వస్తువును ఆదోనివాడి ముందు ఎట్లా కాదనుకుంటాం?

అప్పుడు నాకు మా నాయన గుర్తొచ్చాడు. మగ్గం నేసే రోజుల్లో షావుకారు నూలు తూచి ఇచ్చేవాడు. చీరలు నేసి తీసుకుపోతే వాటినీ తూచేవాడు. కొంచెం తరుగు పోను, ఇచ్చిన నూలూ వచ్చిన బట్టా సరిపోవాలి. మధ్యలో ఎవరేం చెప్పినా తూకం ముందు చెల్లదు.

"కరెంటునూ అట్లే తూసేద్దాం," అన్నాను. "నిండు బ్యాటరీతో మూడు నిమిషాలు పూర్తిగా తిప్పుదాం. మళ్లీ చార్జింగు పెడితే ఎంత ఎక్కించినానో చార్జరే సెప్తాది. ఎక్కింది ఎంతో, తినింది అంత."

బావ ముఖం వెలిగింది. ఆయన ముఖం వెలిగినప్పుడే నేను నోరు మూసుకోవలసింది.

మూడు నిమిషాలు తిప్పాం. పంకా గాలికి మా ఆవిడ ఎండబెట్టిన వడియాలు ఇల్లంతా చేరాయి. తర్వాత బ్యాటరీని చార్జరుకు తగిలించి, ముగ్గురం ఓళిగలు తింటూ దాని ముందు కూర్చున్నాం. బావ మిల్లులో లెక్కలు చేసే వేళ్లతో చాప మీద లెక్క చేశాడు. ఇరవై రెండు నిజమైతే బ్యాటరీలోంచి పదకొండు వందల మిల్లీ ఆంపియర్ అవర్లు ఖర్చయి ఉండాలి, అరవై ఆరు నిజమైతే మూడువేల మూడువందలు. చార్జరు పదకొండు వందల చిల్లర దగ్గర ఆగి, నిండిందని కూత పెట్టింది.

"బ్యాటరీ కెపాసిటీయే రెండువేల రెండువందలు," అన్నాడు బావ వేళ్లు నాక్కుంటూ. "దాంట్లోంచి మూడువేల మూడువందలు ఎట్ల తీస్తావప్పా? రెండు కిలోల నూలు తీసకపోయి మూడు కిలోల బట్ట తెచ్చినట్లుండాది నీ యవ్వారం. షావుకారు కాళ్లు మొక్కుతాడు నీకు."

నేను పెట్టిన పరీక్షలో నేనే తప్పాను. కోపం మీటరు మీదికి మళ్లింది. పార్సిల్ వాపసు పంపిస్తానని, మోసమని, ఇంకా ఏవేవో అన్నాను.

"ఆడలేక మద్దెల ఓడనొద్దు బావా," అన్నాడు. "దాన్నీ ఒకసారి పరీక్ష సేద్దాం."

పక్క సందులో మెకానిక్ షెడ్డు ఉంది. అక్కడినుంచి కారు హెడ్‌లైట్ బల్బు ఒకటి అడిగి తెచ్చి బ్యాటరీకి తగిలించాడు. ఆ బల్బు ఎంత కరెంటు తింటుందో ముందే తెలుసు, నాలుగున్నర ఆంపియర్లు. దాని వైర్లు జానెడే కాబట్టి మా ఆవిడ బల్బు వెలుగుకు కళ్లు చికిలించుకుంటూ దగ్గరగా పట్టుకుని క్లాంపు పెట్టింది. నాలుగున్నర. బావ మీటరు పెడితే అదీ నాలుగున్నరే.

అంటే నా మీటరు బల్బు దగ్గర సత్యహరిశ్చంద్రుడు, విమానం దగ్గరికొస్తే మూడింతల అబద్ధాలకోరు. ఇదేం పుట్టుక?

"మళ్లీ విమానానికి పెట్టు సెల్లీ," అని బావ ఈసారి తన మీటరు వదిలేసి వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. నేను యథాప్రకారం తోక పట్టుకుని పంకాను చూస్తూ రిమోట్ తోశాను.

"అరవై ఆరు!"

వెనకాల బావ నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి గోడకు ఆనుకున్నాడు. మోటారు ఆపి తల తిప్పి చూశాను. క్లాంపు నోట్లోంచి ఎర్ర వైరు పోయి, బయటి నుంచి చుట్టు తిరిగి మళ్లీ నోట్లోకి, మళ్లీ చుట్టు తిరిగి మళ్లీ నోట్లోకి, మగ్గం కండెకు నూలు చుట్టినంత ముచ్చటగా, ఒకదాని పక్కన ఒకటి మూడు వరసలు.

"ఆ వైరు యాలకు సుట్టినావు సెల్లీ?"

"రెండు మూరల వైరు యాలాడుతాండాది కదన్నా. కాళ్లకు తట్టుకోదా? నీటుగా సుట్టినా."

ఆ మీటరు తన నోట్లోంచి వైరు ఎన్నిసార్లు పోతే అన్నిసార్లూ కరెంటును లెక్కపెడుతుంది. ఒకే చుట్టం మన వాకిట్లోంచి మూడుసార్లు వచ్చిపోతే ముగ్గురు వచ్చారని మూడు విస్తర్లు వేసినట్టు. బావ ఆ మాట చెబితే ఆమె ఏమాత్రం తడబడలేదు.

"అయితే మూటితో బాగించండి. నా సదువులో తప్పేముండాది? సుట్టకూడదని దాని మీద యాడన్నా రాసుండాదా?"

మీటరు మంచిదే, చదువు మంచిదే. బావ మీటరూ మంచిదే. నా గుండె కుదుటపడింది. ఉల్లిగడ్డల గండం గడిచిందని ఓళిగ ఇంకోటి తీసుకున్నాను. అది నోట్లో పెట్టుకునేలోగా బావ అడ్డు ప్రశ్న వేశాడు.

"ఇరవై రెండే తింటాండాది సరే. ముప్పై పట్టే కంట్రోలర్ మరి ఏమిటికి కాలినట్లు?"

ఓళిగ చేతిలోనే ఉండిపోయింది. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయమన్నట్టుంది. మోటారు తప్పు చేయలేదు, మీటర్లు తప్పు చేయలేదు, పొగ మాత్రం వచ్చింది. కారణం తెలియకుండా ఎగరేస్తే రెండోదీ అట్లాగే కాలుతుంది.

"ఇంట్లో ఇన్నిసార్లు తిప్పితిమి, సల్లగుండాది," అన్నాడు బావ. "ఈడ మూత తీసి బయట పెట్టి తిప్పుతాండాము. పైన ఎగిరేటప్పుడు మూత మూసుంటాది. కాలిందాన్ని తే సూద్దాం."

అటక మీది నుంచి మొదటి విమానం శవాన్ని దించాను. బావ దాన్ని వెల్లకిలా తిప్పాడు. గాలి బయటికి పోవాలని కడుపు కింద నేను పెట్టిన చిల్లు ఉండవలసిన చోట చిల్లు లేదు. చీర అంచు ముక్క ఒకటి, చుట్టూ సమంగా కత్తిరించి, గంజి పెట్టి అతికించి ఉంది. రంగు కూడా విమానం రంగుకు కలిసింది. నేను విమానాన్ని పైనుంచి ముద్దుగా చూసుకునేవాణ్ణే గానీ చిల్లు పెట్టాక దాని కడుపు మళ్లీ ఎన్నడూ చూడలేదు.

ఇద్దరం మా ఆవిడ వైపు చూశాం.

"ఎలక కొరికిందనుకుంటి," అంది. "నూలుండే ఇంట్లో ఎలక చిల్లు కనబడితే ఎవురన్నా ఊరికే ఉంటారా?"

సోల్డరింగ్ ఐరన్‌తో కాల్చి పెట్టిన చిల్లు అది. అంచులు అచ్చం ఎలక కొరికినట్టే ఉంటాయి, ఆ మాట ఒప్పుకోవాలి. బావ కొత్త విమానాన్ని కూడా వెల్లకిలా తిప్పాడు. దానికీ అతికి ఉంది, ఈసారి ఇంకా బాగా, రెండు పొరలు.

నాకు నవ్వు గొంతు దాకా వచ్చింది. కానీ ఆమె ముఖం చూసి ఆగిపోయాను. గోడ అవతల పెద్దాయన ఇంటి వైపు చూస్తోంది.

"పెద్దాయన పడుగు తెంపింది నేనా అయితే?" అంది మెల్లగా. ఆరోజు ఎండలో కూర్చుని ఆమె ముడేసిన పోగులన్నీ నా కళ్ల ముందు మెదిలాయి. నిజంగా జాలేసింది. ఇన్నాళ్లూ నా మీద పెట్టుకున్న కోపమంతా ఆమె ఒక్క నిమిషంలో తన మీదికి తిప్పుకుంది.

"ఎగరేసింది నేను కదా," అన్నాను. "పొద్దున్నే వీధిలో ఎగరేయమని నువ్వు సెప్పినావా?"

ఆ మాటతో కొంచెం తేరుకుంది. తేరుకోగానే ఎప్పటి మనిషి అయింది.

"అయినా సెప్పొద్దా నువ్వు? ఇది చిల్లు గాదు, కిటికీ అని ఒక్క మాట సెప్తే నీ సొమ్మేం పోతాది?"

లోపలికి పోయి కత్తెర తెచ్చింది. అంచు ముక్కను ఒలిచేసి, చిరుగులు సమంగా కత్తిరించింది. అంతటితో ఆగుతుందా? సూదీ దారం తీసి, ఆ చిల్లు చుట్టూ చొక్కాకు కాజా కుట్టినట్టు కుట్టింది. థర్మోకోల్‌కు కాజా అవసరం లేదని బావ నోరు తెరవబోతే ఆయన తొడ మీద గిల్లాను.

సాయంత్రం ముగ్గురం ఆదోని రోడ్డు పక్కన పత్తి కట్టె పీకేసిన చేనికి పోయాం. కనుచూపు మేరలో పడుగు లేదు, గుడిసె లేదు. మూత మూసి, చేత్తో విసిరాను. విమానం లేచింది. నేను దాన్ని చూడలేదు, దాని కడుపు కిందికే చూస్తున్నాను, ఎక్కడ పొగ వస్తుందోనని. బావ కూడా అటే చూస్తున్నాడు. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఎర్రటి ఆకాశంలో అది చుట్టు మీద చుట్టు తిరిగింది, బ్యాటరీ అయిపోవచ్చే దాకా తిరిగింది, తెల్లగా, శుభ్రంగా. అంత సంతోషం నాకు ఈమధ్య కాలంలో ఎప్పుడూ కలగలేదు.

దింపగానే మాకంటే ముందు ఆమె పోయి మూత తీసి, కంట్రోలర్ మీద వేలు పెట్టి చూసింది.

"తోడు పెట్టే పాలంత వెచ్చగుండాది," అంది.

ఇంటికి చేరేసరికి మా సందు మొదట్లో ఉల్లిగడ్డల ఆటో ఆగి ఉంది. మైకు గట్టిగా అరుస్తోంది. అలవాటుగా నా గుండె గుభేలుమంది, విమానాన్ని వెనక దాచుకున్నాను. ఆటో ఆయన మా ఆవిడను గుర్తుపట్టి, "ఏమక్కా, ఏందో మూట ఉండాదంటివే," అన్నాడు.

ఆమె నా చేతిలో విమానాన్ని తీసుకుని, కాజా దగ్గర వేలాడుతున్న దారం కొసను పంటితో తుంచేసింది.

"ఏం లేదు పోప్పా. ఉల్లిగడ్డలు మేము సంతలో కొనుక్కుంటాం," అంది.